వియ్యంకుడి కన్నీళ్ళూ, పదకొండు మీటర్ల కేబులూ

పెళ్ళి విందులో వియ్యంకుడు గ్లాసు పట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడితే కల్దిబెక్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడన్న సంగతి వియ్యంకుడి ఊరు తరాజ్‌లో తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా మిగిలిపోయారని తెలిస్తే వియ్యంకుడు జుమగాలీ స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చేవాడు. "మా కుదా లాంటి మెత్తని మనిషి దొరకడు, నా మాటలకి చంటిపిల్లాడిలా ఏడ్చాడు" అని బజార్లో గుర్రం మాంసం కొట్టువాడికి కూడా చెప్పాడట. కుదా అని ఒకరినొకరు పిలుచుకునే ఆ వియ్యం చిన్నది కాదు. అల్లుడు నూరేళ్ళ చుట్టం, కుదా వెయ్యేళ్ళ చుట్టం అని సామెత. ఆ వెయ్యేళ్ళలో ఇప్పటికి నాలుగు నెలలు గడిచాయి.

నిజానికి తను ఏడ్చినట్టు కల్దిబెక్‌కి గుర్తులేదు. ఆ పెళ్ళికి సంబంధించి అతనికి గుర్తున్నవి మూడే: కొత్త బూట్లు కరిచాయి, మాంసం మెత్తగా ఉడికింది, మైకు కీచుమంది. కానీ అందరూ అంటుంటే మొదట సిగ్గుపడ్డాడు, రెండో నెలలో ఒప్పుకున్నాడు, నాలుగో నెలకి "ఆవేళ గుండె పట్టలేకపోయాననుకోండి" అని తనే మొదలుపెట్టడం నేర్చుకున్నాడు. సాక్ష్యం కూడా ఉంది. ఇంట్లో పాత డబ్బా టీవీలో పెళ్ళి ఫిల్ము వేస్తే, పొగమంచులోంచి కనిపించినట్టు ఒక లావుపాటి మనిషి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ కనిపించేవాడు. ఏడవకపోతే ఇంకేం చేస్తాడు? చుట్టాలు వచ్చినప్పుడల్లా ప్రసంగాన్ని గబగబా తిప్పేసి ఆ చోట ఆపేవారు. ప్రసంగం మొత్తం విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఏడ్చిన మనిషిని చూస్తే ప్రసంగం ఎంత బావుండి ఉంటుందో తెలిసిపోతుంది కదా, వినడం దేనికి?

ఆ కన్నీళ్ళ వల్ల ఇంట్లో చాలా మేలు జరిగింది. కోడలు సింబాత్ మామగారంటే భయపడడం మానేసింది. కొడుకు పదిహేను రోజులు చమురు బావుల దగ్గరా పదిహేను రోజులు ఇంట్లోనూ ఉంటాడు. అతను లేని పదిహేను రోజులూ ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోకుండా ఉందంటే, తన నాన్న మాటకి ఏడ్చిన మనిషి ఇంట్లో ఉన్నాడన్న ధైర్యమేనని కల్దిబెక్ భార్య రౌషన్ నమ్మకం.

ఇప్పుడు జుమగాలీ దంపతులు ఆదివారం వస్తున్నారు. పెళ్ళయ్యాక ఈ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు. ఫోన్లో ముందే చెప్పేశాడు. "ఆ ఫిల్ము మీ కొత్త టీవీలో చూడాలి కుదా. నా మాటలు, నీ కన్నీళ్ళు. ఇద్దరం పక్కపక్కన కూచుని చూడాలి."

కొత్త టీవీ నోరుజారిన ఫలితం. వియ్యంకుడు తమ ఇంట్లో కొత్త తివాచీ పరిచామన్నాడని కల్దిబెక్ తొందరపడి, మేమూ గోడకి తగిలించే టీవీ కొంటున్నాం, చుట్టూ ఆరు స్పీకర్లు, పళ్ళెంలో మాంసం మీద కొవ్వు మెరవడం కూడా కనిపిస్తుంది అనేశాడు. అన్నాక కొనక తప్పలేదు. కొన్నాక గుర్తొచ్చింది, జుమగాలీ తరాజ్ టీవీ టవర్లో ముప్పై ఒక్క ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. బొమ్మలో లోపం ఉంటే వీధి అవతలనుంచే పట్టేస్తాడు.

అసలు చిక్కు మాత్రం టీవీది కాదు, గోడది. గౌరవమైన అతిథి ఎక్కడ కూచుంటాడు? ద్వారానికి ఎదురుగా, లోపలి గోడకి ఆనుకుని, మెత్తటి పరుపుల మీద. వియ్యంకుణ్ణి ద్వారం దగ్గర కూచోబెడితే ఆ వెయ్యేళ్ళు ఆ పూటతో సరి. కనుక టీవీ ద్వారం ఉన్న గోడకే వేలాడాలి. డిస్కు పెట్టే యంత్రం, ఆంప్లిఫయరు మాత్రం లోపలి గోడ మూలనున్న చెక్క అలమరలో, గాజు గ్లాసుల మధ్య ఉండాలి. టీవీ కింద ఒక బల్ల వేసి పెట్టుకోవచ్చుగా అని దుకాణంవాడు అడిగాడు. రౌషన్ వాణ్ణి ఎగాదిగా చూసింది. అంత ఖరీదైన వస్తువుని గడప పక్కన, బూట్లు విప్పేచోట పెడతారా?

అలా ప్రపంచంలో అందరికీ మూరెడు కేబుల్‌తో అయ్యే పనికి కల్దిబెక్ ఇంట్లో పదకొండు మీటర్లు కావలసివచ్చింది. అది నేలమీద కనిపించకూడదు, కనిపిస్తే అల్పం. గోడలో గాడి కొట్టి, కేబుల్ పూడ్చి, పైన జిప్సం పూయాలి. పూత పనివాడు మీరాబిద్ కాంక్రీటు పలకలో రెండు వేళ్ళంత గాడి కొట్టేసరికే ఇనుప ఊచ తగిలింది, కింద అంతస్తు ఆవిడ తన షాండ్లియర్ ఊగుతోందని పైకొచ్చింది. అంతకన్నా వెడల్పు కుదరదన్నాడు. అంటే ఒకే కేబుల్. పూశాక ఇక మార్చడం లేదు. డిజిటలా, పాతరకమా?

కల్దిబెక్ తమ ఊరు షిమ్‌కెంత్‌లో నీటి సరఫరా కార్యాలయంలో ముప్పై ఏళ్ళుగా ఉద్యోగి. కాగితం మీద తనకన్నా ముందు ఇద్దరు సంతకం పెట్టేదాకా పెన్ను మూత తీసేవాడు కాదు. అలాంటి మనిషి ఇంటి విషయంలోనూ ఇద్దర్ని అడిగాడు. అదే పొరపాటైంది.

మొదటివాడు మేనల్లుడు యెర్నూర్. ముప్పై ఆరేళ్ళవాడు, బజార్లో ఎలక్ట్రానిక్స్ కొట్టు. డిజిటల్ కేబుల్ తెచ్చిచ్చాడు. చివర చపటా నాలుకలాంటి ముక్క, ఒళ్ళంతా నల్లటి అల్లిక దారం, ఒక పొట్టేలు ఖరీదు.

"ఒక్క కేబుల్‌లోనే బొమ్మా సౌండూ రెండూను మామయ్యా. అద్దంలా వస్తుంది. వస్తే మొత్తం వస్తుంది, లేదంటే అసలు రాదు. మధ్యస్థం లేదు."

"అసలు రాకపోవడం కూడా ఉందా?" అన్నాడు కల్దిబెక్.

"పదకొండు మీటర్లు కదా. ఒక్కోసారి ఉంటుంది."

ఆ "ఒక్కోసారి" ఎలా ఉంటుందో కల్దిబెక్ కళ్ళకి కట్టింది. వియ్యంకుడు పరుపుల మీద కూచున్నాక, పళ్ళెంలో గొర్రె తల ముందుంచాక, గోడ మీద నల్లటి పలక. అది తలుచుకుని అతను ఆ పూట టీ తాగలేకపోయాడు.

రెండోవాడు రౌషన్ అన్న ఒరిన్‌బాయ్. సోవియట్ కాలంలో టీవీలు బాగుచేసిన చెయ్యి. కల్దిబెక్‌కి యాభై ఎనిమిదేళ్ళొచ్చినా అతన్ని "అల్లుడబ్బాయ్" అనే పిలుస్తాడు, పెళ్ళికూతురి వైపు వాళ్ళకి ఆ హక్కు చచ్చేదాకా ఉంటుంది. ఆయన సంచీలోంచి మూడు తోకల పాతరకం కేబుల్ తీశాడు. వీటిని అక్కడందరూ తులిప్ అంటారు, చివరలు పువ్వు మొగ్గల్లా ఉంటాయని. పసుపు మొగ్గలో బొమ్మ, తెలుపూ ఎరుపూ మొగ్గల్లో సౌండు.

"ఇది మనిషిలాంటిది, అల్లుడబ్బాయ్. మసకేస్తుంది, ముసలవుతుంది, దగ్గుతుంది. కానీ ఉన్నట్టుండి చావదు."

"మసకేస్తే కుదా పట్టేస్తాడు కదా."

"పట్టుకుంటే పట్టుకోనీ. ఎగతాళి చేస్తాడు, అంతే. అసలు బొమ్మే లేకపోతే దేన్ని చూసి ఎగతాళి చేస్తాడు? నిన్ను చూసి."

ఆ ఎగతాళి సంగతి కల్దిబెక్‌కి బాగా తెలుసు. వియ్యంకులకి ఒకరిమీద ఒకరికి నోరు చేసుకునే చనువు ఉంది, పేరు పెట్టే చనువు అంతకన్నా ఉంది. మూడో అంతస్తు ఆయన తన కొడుకు పెళ్ళిలో టీ కాచే సమోవార్ కుళాయి ఊడగొట్టాడని ఆయన వియ్యంకుడు "కుళాయి" అన్నాడు. ఇరవై రెండేళ్ళైంది. ఇప్పటికీ పోస్టుమాన్ కూడా కుళాయి గారిల్లు ఎక్కడని అడుగుతాడు.

రెండు రోజులు ఇద్దరి మాటలూ తలలో తిప్పుకున్నాడు. పొద్దున డిజిటల్ అనుకుంటే మధ్యాహ్నానికి తులిప్ మేలనిపించేది. రౌషన్ భోజనం దగ్గర అడిగేది కాదు, మొహం చూసి, ఇవాళ ఏ కేబుల్‌లో ఉన్నావో తెలుస్తోందనేది.

గురువారం పొద్దున మీరాబిద్ వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా బకెట్లో జిప్సం కలిపేశాడు. కలిపాక, అరగంటలో గట్టిపడిపోతుంది, ఏది పూడుస్తారో పట్రండి అన్నాడు. సలహా ఇచ్చిన ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఎవరి కేబుల్ పూడ్చకపోతే వాళ్ళు అలిగి వెళ్ళిపోయేందుకు సిద్ధంగా. యెర్నూర్ ఒక దారి చెప్పాడు. రెండూ నేలమీద పరిచి ఫిల్ము వేసి చూద్దాం. ఆంప్లిఫయరు ఇంకా పెట్టెలోనే ఉంది కాబట్టి సౌండు ఉండదు, టీవీలో కూడా మూసేసి బొమ్మ మాత్రం చూస్తే చాలు. పెళ్ళి ఫిల్ము తీసినవాడు ఈ యంత్రం కోసమే తయారుచేసిన కొత్తరకం డిస్కు నిన్ననే పంపాడు. కోడలు బజారుకి వెళ్ళింది.

మొదట డిజిటల్. గోడ ఒక్కసారి వెలిగింది. కల్దిబెక్ వెనక్కి ఒకడుగు వేశాడు. ఇంత బొమ్మ అతను ఎక్కడా చూడలేదు. విందు బల్ల మీద ఒక్కో బూరె ఒక్కో బూరెలా కనిపించింది, ఖర్జూరాల మీద ఈగ వాలడం కూడా. ఇదే, ఇదే పూడ్చండి అనబోయాడు. ఇంతలో ఒరిన్‌బాయ్ కన్నీళ్ళ చోటికి తిప్పమన్నాడు.

తిప్పారు. లావుపాటి మనిషి వచ్చాడు. తల వంచుకున్నాడు. రుమాలు ఎత్తాడు. రుమాలుకీ మొహానికీ మధ్య బెత్తెడు సందుంది. పాత టీవీలో ఆ సందు ఎప్పుడూ కనబడలేదు. ఆ సందులో కల్దిబెక్ నోరు తెరుచుకుంటోంది. నెమ్మదిగా, గరాజ్ తలుపు లేచినట్టు, పైకి, ఇంకా పైకి. లోపల ఎడమవైపు బంగారు పన్ను కెమెరా దీపానికి తళుక్కుమంది. భుజాలు ఎగిరాయి. నోరు మూసుకుంది. కళ్ళలోంచి రెండు చుక్కలు, పాపం నిజమే, కన్నీళ్ళే, రాలాయి. ఆవలిస్తే ఎవరికైనా వస్తాయి.

తెర మీద అతను మళ్ళీ ఆవలించాడు.

"రెండు," అంది రౌషన్.

ఏడింటిదాకా లెక్కపెట్టింది. ఎనిమిదోసారి తెరమీది రౌషన్ మోచేత్తో పొడిచింది. తెరమీది కల్దిబెక్ ఉలిక్కిపడి చప్పట్లు కొట్టాడు, అతనొక్కడే. యెర్నూర్ కిటికీవైపు తిరిగి భుజాలు ఎగరేస్తున్నాడు. అది మాత్రం ఏడుపు కాదని ఏ కేబుల్ లేకుండానే తెలుస్తోంది.

నాలుగు నెలలుగా కల్దిబెక్ ఎవరికైతే గౌరవం ఇస్తూ వచ్చాడో ఆ మెత్తని మనిషి అసలు లేడు. అది పోతే పోయింది. ఆదివారం జుమగాలీ పక్కన కూచుంటాడు. ఊరంతా చెప్పుకున్న మనిషి. తన జీవితంలో ఒక్క మాటకి ఒకడు ఏడ్చాడని మురిసిపోతున్న మనిషి. ఆ పన్ను చూస్తాడు. ఇక పేరేం పెడతాడు? పేరు కూడా పెట్టడేమో. ఊరుకుంటాడేమో. వియ్యంకుడు ఎగతాళి చేస్తే వెయ్యేళ్ళుంటుంది, ఊరుకుంటే అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

"తులిప్ పెట్టి చూపించండి," అన్నాడు.

పసుపు మొగ్గ గుచ్చారు. తెర మెత్తబడింది, బూరెలు ఒకదాంట్లో ఒకటి కరిగాయి, ఈగ చచ్చిపోయింది. రుమాలూ మొహమూ కలిసిపోయాయి. ఒక లావుపాటి మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. చూస్తుంటే కల్దిబెక్‌కే జాలేసింది.

"బకెట్ గట్టిపడుతోంది," అన్నాడు మీరాబిద్.

తులిప్ పూడ్చారు. ఒరిన్‌బాయ్ గెలిచినందుకు రెండు కప్పులు టీ తాగాడు, యెర్నూర్ పొట్టేలు ఖరీదు కేబుల్ చుట్టుకుని పట్టుకుపోయాడు. ఇద్దరూ నోరు విప్పబోమని రొట్టె ముట్టుకుని ఒట్టేశారు.

ఆదివారం మధ్యాహ్నం జుమగాలీ దంపతులు దిగారు. జుమగాలీ పొడుగ్గా, సన్నగా, టీవీ టవర్లో పనిచేసి టవర్ పోలికే వచ్చిన మనిషి. భార్య జౌరేష్ గుండ్రంగా, నవ్వుమొహంతో ఉంటుంది, ఏ మాటైనా మొగుడికే తగిలేలా అంటుంది. ఇద్దర్నీ పరుపుల మీద కూచోబెట్టారు. రౌషన్ తెల్లవారుజామునుంచి ఉడికించిన మాంసం, వెడల్పాటి పిండిరేకుల మీద ఆవిరి కక్కుతూ వచ్చింది. సింబాత్ ద్వారం దగ్గర సమోవార్ పక్కన కూచుని అందరికీ పాల టీ పోసింది. జుమగాలీ గొర్రె తల చేతిలోకి తీసుకుని, చెవి కోసి కూతురికి పంపి, తక్కినవాళ్ళకి పద్ధతిగా పంచాడు. అంతా సవ్యంగా జరుగుతోంది. కల్దిబెక్ మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతున్నాడు.

ఫిల్ము వేశారు. ఆరు స్పీకర్లూ ఒక్కసారి మోగాయి. జుమగాలీ పది సెకన్లు చూశాడు. కళ్ళు చిన్నవి చేశాడు.

"కుదా, ఇది తులిప్ బొమ్మ కదూ?"

"ఆఁ... మా ఇంట్లో అదే అలవాటు కుదా."

"ఇంత గాజు పలక పెట్టి, దానికి తులిప్‌తో బొమ్మ పోస్తావా? తెల్ల గుర్రాన్ని కొని మూతికి గోనెసంచీ కట్టినట్టుందయ్యా." జుమగాలీ తొడమీద చరుచుకుని నవ్వాడు. "ఇకనుంచి నువ్వు తులిప్ కుదావి."

పేరొచ్చేసింది. కల్దిబెక్‌కి ప్రాణం లేచొచ్చింది. తులిప్ అంటే పువ్వే కదా, వెయ్యేళ్ళు మోయొచ్చు, కుళాయి కన్నా నయం. అతను కూడా నవ్వాడు, కాస్త ఎక్కువసేపే నవ్వాడు. ఆ సంబరంలో జుమగాలీ సంచీలో చెయ్యిపెట్టడం చూడలేదు.

"కొత్త వస్తువు మొదటిసారి చూసినవాడు ఉత్తి చేతులతో చూడకూడదుగా. ఇదిగో నా కానుక."

సంచీలోంచి వచ్చింది డిజిటల్ కేబుల్. పదిహేను మీటర్లది, టవర్‌వాళ్ళు వాడే రకం, బొటనవేలంత లావు. కొత్తది చూసినందుకిచ్చే కానుక కాదనడం ఆ దేశంలో ఎవరివల్లా కాదు. చూసిన కళ్ళని కాదన్నట్టు. కల్దిబెక్ కాదనలేదు, కానీ అవుననీ అనలేదు. మాంసం చల్లారిపోతుందన్నాడు, అలమర వెనక దుమ్ముందన్నాడు, సాయంత్రం మా మేనల్లుణ్ణి పిలిపిస్తానన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు టవరెక్కిన మనిషికి ఇదొక లెక్కా? జుమగాలీ లేచి, తివాచీ మీదుగా, మాంసం పళ్ళేన్ని చుట్టి, ఊళ్ళో లేని అల్లుడి బూట్ల పక్కనుంచి కేబుల్ లాగి, రెండు నిమిషాల్లో గుచ్చేసి వచ్చి కూచున్నాడు.

గోడ వెలిగింది. బూరెలు విడివిడిగా లేచాయి. ఈగ బతికింది.

"చూశావా, ఇదీ బొమ్మంటే," అని జుమగాలీ నిటారుగా కూచున్నాడు. తెరమీద అతని ప్రసంగం మొదలైంది. కల్దిబెక్ రౌషన్ వంక చూశాడు. రౌషన్ పళ్ళెం వంక చూసింది. మొదటి ఆవలింత మూడో నిమిషంలో వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఒక నిమిషం అయింది. కల్దిబెక్ అరచేతులు మోకాళ్ళకేసి రుద్దుకున్నాడు. రెండు నిమిషాలు. ఒంట్లో బాగాలేదని చెప్పి పడిపోదామా అనుకున్నాడు. కానీ పడిపోవాలన్నా ఎవరినైనా అడిగి పడిపోవడం అతని అలవాటు.

మూడో నిమిషం. రుమాలు లేచింది. నోరు తెరుచుకుంది. ఆరడుగుల గోడమీద బంగారు పన్ను సూర్యుడిలా ఉదయించింది.

కల్దిబెక్ మెల్లగా పక్కకి చూశాడు. జుమగాలీ మొహం తెల్లబోయింది. అయితే అతని చూపు పన్ను మీద లేదు. తెర కుడివైపున, గ్లాసు లేని తన రెండో చేతిమీద ఉంది. ఆ అరచేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. దానిమీద అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి, నీలం సిరా. మాటమాటకీ అతని కళ్ళు కిందికి దిగి కాగితం మీద వాలుతున్నాయి. జౌరేష్ చూపు కాగితం మీదా లేదు, పన్ను మీదా లేదు. తెరమీద తన చంకకింద వేలాడుతున్న దుకాణం ధరచీటీ మీద ఉంది. "నాలుగు గంటలు అలాగే తిరిగానా?" అని తనలో తను అనుకుంటోంది. రౌషన్ మాత్రం ఒక్కసారి పన్ను చూసి, వెంటనే తన జుట్టు చూసుకుంది.

"ఆపు," అన్నాడు జుమగాలీ. కల్దిబెక్ ఆపాడు.

"కాగితం... అది పేర్లకోసం. పెద్దల పేర్లు తప్పు చెప్పకూడదు కదా. మాటలన్నీ నోటికే వచ్చాయి." ఎవరూ కాదనలేదు. అదే అతనికి కష్టమైనట్టుంది. "నమ్మరా? ఇప్పుడే చెప్తాను, మొత్తం. కాగితం అక్కర్లేదు."

లేచి నిలబడ్డాడు. టీ కప్పే గ్లాసుగా పట్టుకున్నాడు. కల్దిబెక్ దవడలు రెండూ బిగించి, వియ్యంకుడి కంట్లోకి చూస్తూ కూచున్నాడు. మనిషి ఎదురుగా ఉన్నాడు, మధ్యలో ఏ కేబులూ లేదు, మసకా లేదు. ఇప్పుడు ఆవలిస్తే అంతే. ఆవలించకూడదనుకోగానే ఆవలింత చెవుల వెనకనుంచి బయల్దేరింది. ముక్కుతో మింగాడు. జుమగాలీ తాతల దగ్గర మొదలుపెట్టి, ఏడు తరాలు దిగి, తరాజ్ దగ్గరి నది దాటి, పిల్ల పుట్టిన రోజు మంచు పడిందన్న దగ్గరికి వచ్చి ఆగాడు. మళ్ళీ మంచు పడిందన్నాడు. మళ్ళీ ఆగాడు.

"తరవాత... తరవాతే నువ్వు ఏడ్చావు కుదా. అక్కడేమన్నాను?"

గదిలో అందరూ కల్దిబెక్‌కేసి తిరిగారు. సింబాత్ కూడా, చేతిలో టీ గిన్నెతో.

అతనికి తెలిస్తేనా. ఆ చోట అతను నిద్రలో ఉన్నాడు. అడగడానికి మేనల్లుడు లేడు, బావ లేడు. రౌషన్ పళ్ళెంలోంచి తలెత్తలేదు. వియ్యంకుడు నిలబడి ఉన్నాడు, అరవై ఏళ్ళ మనిషి, పద్యం మర్చిపోయిన బడిపిల్లాడిలా. కల్దిబెక్ ఎటు చూడాలో తెలియక సమోవార్ వైపు చూశాడు. కోడలు కనిపించింది.

"నువ్వేమన్నావంటే కుదా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మా పిల్ల అందరికీ టీ పోస్తుంది, తను మాత్రం వంటింట్లో నిలబడి తింటుంది, అన్నావు. కూచోమంటే కూచోదు, ఆకలి లేదంటుంది. ఎవరైనా వెళ్ళి పక్కన కూచుంటే అప్పుడు కూచుంటుంది. రాత్రి పూట నడవాలో దీపం ఆర్పకండి, అడగదు గానీ భయపడుతుంది, అన్నావు."

సింబాత్ టీ గిన్నె కింద పెట్టి, తలకి కట్టుకున్న రుమాలు సరిచేసుకుంటున్నట్టు మొహం అటు తిప్పుకుంది. జౌరేష్ కొంగు లేని చోట కొంగు వెతుక్కున్నట్టు చేతులు తడుముకుని, చివరికి మొగుడి కోటు అంచుతోనే కళ్ళు తుడుచుకుంది.

"అన్నానా?" అన్నాడు జుమగాలీ నెమ్మదిగా.

"అన్నావు. అక్కడే నాకు..." అని కల్దిబెక్ ఆగిపోయాడు. అబద్ధం దొరక్క కాదు, నిజంగానే గొంతు పట్టేసింది. దానికి అతనికే భయమేసింది.

జుమగాలీ కోటు లోపలి జేబులోకి చెయ్యి పోనిచ్చి అదే నాలుగు మడతల కాగితం తీశాడు. నాలుగు నెలలుగా దాచుకున్నట్టున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ముందువైపు చదివాడు, తిప్పి వెనకవైపు చదివాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"ఇందులో లేదు," అన్నాడు. అంటూ ఉండగానే మొహం వెలిగింది. "చూశారా? కాగితంలో లేదు. అది నేనే, నా అంతట నేనే అన్నాను."

"ముప్పై మూడేళ్ళ కాపురంలో మొదటిసారి," అంది జౌరేష్, ముక్కు ఎగబీలుస్తూ.

అతను భార్య మాట వినిపించుకునే స్థితిలో లేడు. కూచున్నాడు, కప్పులో టీ గుటకేశాడు, వియ్యంకుడి భుజంమీద చెయ్యేశాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది.

"కుదా, ఆ చోటు వెయ్యి. ఈ కొత్త కేబుల్ మీదే వెయ్యి. సౌండు పెంచు. నేను ఆ మాట అనడం నా చెవులతో వినాలి."

ఆరు స్పీకర్లున్నాయి. తెరమీద నోరు తెరుచుకుని ఆగిపోయిన లావుపాటి మనిషి ఉన్నాడు. అతను నోరు మూసుకుంటే ప్రసంగం కదుల్తుంది. అది కదిలితే ఆ మాట అందులో లేదని తేలిపోతుంది.

కల్దిబెక్ లేచాడు. ఎవరి మొహమూ చూడలేదు. అలమర పక్కకి వెళ్ళి, దాని వెనక సందులోకి, దుమ్ములోకి, భుజం దాకా చెయ్యి దూర్చాడు. బొటనవేలంత లావుది చేతికి తగిలింది. లాగేశాడు. గోడ నల్లబడింది. పక్కనే పసుపు మొగ్గ తగిలింది. ఒక్క క్షణం దాన్ని వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. దాన్ని కూడా లాగేశాడు.

"పాడైపోయింది కుదా," అన్నాడు సందులోంచే. "రెండూ పాడైపోయాయి. సింబాత్, లే తల్లీ. టీ మీ అత్తగారు పోస్తుంది. నువ్వొచ్చి మీ నాన్న పక్కన కూచో."